కీళ్ళనొప్పుల సూది ఊపిరిని కాపాడదు

"కీళ్ళవాతంతో మంచాన పడతారేమో గాని ప్రాణం పోదు" అన్న మాట మీరు వినే ఉంటారు. ఇరుగుపొరుగువారు చెబుతారు, మందుల దుకాణంలో చెబుతారు, కొందరు వైద్యులూ చెబుతారు. ఓదార్పు కోసం చెప్పే ఈ మాట వైద్యశాస్త్రం దృష్టిలో అసత్యం. రుమటాయిడ్ కీళ్ళవాతం కీళ్ళకు మాత్రమే పరిమితమైన జబ్బు కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత కణజాలం మీదనే దాడి చేసే వ్యాధి అది. ఆ దాడి వేళ్ళ కణుపుల దగ్గర ఆగిపోవాలన్న నియమం ఏదీ లేదు. కళ్ళు, నరాలు, గుండె, రక్తనాళాలు కూడా దానికి గురి కావచ్చు. అన్నిటికంటె నిశ్శబ్దంగా దెబ్బతినేవి ఊపిరితిత్తులు.

నేను చెప్పదలచినది ముందే సూటిగా చెబుతాను. కీళ్ళవాతం ఉన్నవారి ఊపిరితిత్తుల సంగతి ఎవరూ అడగకపోవడం, దమ్ము వచ్చినప్పుడు ఆస్తమా అనో క్షయ అనో పేరు పెట్టి నెలలు గడపడం, చివరకు జబ్బు బయటపడిన రోజున పనిచేస్తున్న మందునే నిందించి ఆపివేయడం, ఈ మూడూ నివారించదగిన అపచారాలు. ఇవి జ్ఞానం లేక జరుగుతున్నవి కావు. జ్ఞానం ఉన్నది, మందులు ఉన్నాయి, ఆ మందుల్లో కొన్ని మన హైదరాబాదులోనే తయారవుతున్నాయి. లేనిది శ్రద్ధ.

ఊపిరితిత్తిలో ఏమి జరుగుతుంది?

మన ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న గాలితిత్తులు ఉంటాయి. ప్రతి గాలితిత్తి గోడ అత్యంత పలుచనిది. ఆ గోడకు ఆవలనే సన్నని రక్తనాళికలు ప్రవహిస్తాయి. ప్రాణవాయువు ఈ పలుచని గోడను దాటి రక్తంలోకి చేరుతుంది. కీళ్ళవాతంలో ఆ గోడలలోకి రక్షణ కణాలు చేరి తాపప్రక్రియ మొదలవుతుంది. అది చల్లారకపోతే మచ్చ కట్టిన పుండు మాదిరిగా గోడ మందమై, గట్టిపడిపోతుంది. దీనినే ఫైబ్రోసిస్ అంటారు. స్పాంజిలా మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి ఎండిన బీరకాయ పీచులా తయారవుతుంది. వైద్యులు ఈ జబ్బును ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ అనీ, పొట్టిగా ఐ.ఎల్.డి. అనీ పిలుస్తారు.

ఇది నిన్న మొన్న కనుగొన్న సంగతి కాదు. కీళ్ళవాతానికీ ఊపిరితిత్తుల జబ్బుకూ ఉన్న ఈ సంబంధాన్ని ఎల్‌మన్, బాల్ అనే ఇద్దరు వైద్యులు 1948లోనే ఇంగ్లండులో వర్ణించారు. ముప్పావు శతాబ్దం దాటింది. అయినా కీళ్ళనొప్పులకు మందు వాడుతున్న రోగిని "మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదా?" అని అడిగేవారు నేటికీ అరుదే.

లెక్కలు చూడండి. కీళ్ళవాతం ఉన్న ప్రతి వందమందిలో సుమారు పదిమందికి లక్షణాలు కనబడేంత ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. లక్షణాలు లేకుండా స్కానులో మాత్రమే మార్పులు కనబడేవారు ఇంతకంటె ఎక్కువ. అమెరికాలోని మిన్నెసోటాలో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, కీళ్ళవాతం ఉన్నవారికి జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం 7.7 శాతం కాగా, లేనివారికి 0.9 శాతం మాత్రమే. అదే అధ్యయనంలో, ఊపిరితిత్తుల జబ్బు నిర్ధారణ అయ్యాక సగంమంది 2.6 సంవత్సరాలకు మించి జీవించలేదు. వారిలో ఎక్కువమంది నేటి మందులు రాకముందు జబ్బు పడినవారన్న మాట నిజమే. అయినా "ప్రాణం పోదు" అన్న ఓదార్పు ఎంత అబద్ధమో చెప్పడానికి ఆ అంకె చాలు.

మన దేశంలో వయోజనుల్లో కీళ్ళవాతం సుమారు 0.75 శాతం అని 1993లో వెలువడిన ఒక గ్రామీణ సర్వే చెప్పింది. అంటే పదివేలమంది వయోజనులున్న ఊరిలో సుమారు డెబ్బై అయిదుగురు. వారిలో ఏడెనిమిదిమందికి ఊపిరితిత్తుల ముప్పు. మీ ఊరిలో ఆ ఏడెనిమిదిమంది ఎవరో ఎవరికైనా తెలుసా?

అబ్దుల్లాపూర్‌మెట్ దుమ్ము

ఈ ప్రశ్న మన అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో మరింత గట్టిగా అడగవలసి ఉన్నది. బండరావిర్యాల, చిన్నరావిర్యాల పరిసరాల్లో రాతి క్వారీలూ క్రషర్లూ ఉన్నాయి. హైదరాబాదు మేడలకు కంకర, రాతిపొడి ఇచ్చే ప్రాంతం ఇది. గ్రానైటు రాయిలో సిలికా ఉంటుంది. రాయి పగిలినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి సిలికోసిస్ తెస్తుందని చాలామందికి తెలుసు. ఎక్కువమందికి తెలియని సంగతి మరొకటి ఉన్నది. అదే ధూళి కీళ్ళవాతాన్ని కూడా రేపగలదు.

1953లో కాప్లాన్ అనే వైద్యుడు వేల్స్‌లోని బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ, కీళ్ళవాతం ఉన్నవారి ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గుండ్రని గడ్డలను గమనించాడు. ఆ తరువాత స్వీడన్‌లో జరిగిన అధ్యయనాల్లో, రాతిధూళికి గురైన మగవారిలో కీళ్ళవాతం ముప్పు పెరిగినట్లూ, పొగతాగే అలవాటు తోడైతే ఆ ముప్పు మరింత పెరిగినట్లూ తేలింది. ధూళి, పొగ కలిసి ఊపిరితిత్తుల్లోనే రక్షణ వ్యవస్థను రెచ్చగొడతాయనీ, కీళ్ళ మీద దాడి చేసే ప్రతిరక్షకాలు కొందరిలో అక్కడే మొదట పుడతాయనీ నేటి శాస్త్రం భావిస్తున్నది. కొందరికి కీళ్ళనొప్పి కంటె ముందే దగ్గు, ఆయాసం మొదలవడానికి ఇదొక వివరణ.

కాబట్టి క్రషరులో పనిచేసి, బీడీ తాగే యాభై ఏళ్ళ మనిషి వేళ్ళు వాచి, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతున్నాయంటే, అతనిని "వయసు నొప్పులు" అని పంపించడం ఘోరం. కీళ్ళవాతం ఆడవారిలో ఎక్కువ. కాని దాని ఊపిరితిత్తుల జబ్బు మగవారిలో, వయసు పైబడినవారిలో, పొగతాగేవారిలో, రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టరు, యాంటీ సి.సి.పి. బాగా పెరిగినవారిలో ఎక్కువ. ఈ నాలుగూ కలిసినచోట జబ్బు కోసం వెదకడం వైద్యుని విధి.

సూదులు, పొడులు, పేర్లు

మన పల్లెల్లో, బస్తీల్లో కీళ్ళనొప్పులకు జరుగుతున్న వైద్యం ఏమిటి? ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది. దానిలో ఉండేది చాలాసార్లు డెక్సామెథాసోనో, బీటామెథాసోనో. సాయంత్రానికి నొప్పి మాయం. ఆయన చేతివాసి మంచిదని పేరు వస్తుంది. లేదా ఎవరో ఇచ్చే పేరులేని పొడి. సంప్రదాయ వైద్యం పేరుతో అమ్మే ఇటువంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు మన దేశంలో పలుమార్లు బయటపడ్డాయి.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనడం లేదు. అది అవసరమైన చోట, తగిన మోతాదులో, తగినంత కాలం ఇస్తే ప్రాణదాత. కాని దానినొక్కదానినే సంవత్సరాల తరబడి నమ్ముకుంటే కీళ్ళ విధ్వంసం లోపల సాగుతూనే ఉంటుంది. మధుమేహం, ఎముకల గుల్లతనం, కంటిలో శుక్లాలు తోడవుతాయి. నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనవచ్చు. అన్నిటికంటె పెద్ద నష్టం, నొప్పి తెలియకపోవడంతో రోగి అసలు వైద్యుని దగ్గరకు రావడం నాలుగైదేళ్ళు ఆలస్యమవుతుంది. ఆ నాలుగైదేళ్ళే చికిత్సకు విలువైన కాలం.

ఇక దమ్ము మొదలయ్యాక పేర్ల గందరగోళం. ముందు "డస్ట్ ఎలర్జీ" అంటారు. తరువాత ఆస్తమా అని పీల్చే మందు ఇస్తారు. ఆస్తమాలో వచ్చేది పిల్లికూతలు, ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. ఈ జబ్బులో పిల్లికూతలు సాధారణంగా ఉండవు. పొడిదగ్గు, నడిస్తే ఆయాసం, నెలనెలకూ కొంచెం కొంచెంగా తరగిపోయే శక్తి, ఇవి దీని గుర్తులు. ఆ తరువాత క్షయ అని మందులు మొదలుపెడతారు. మన దేశంలో రెండు వారాలు మించిన దగ్గుకు క్షయను శంకించడం సరైనదే, పరీక్షించడం తప్పనిసరే. కాని కఫ పరీక్షలో క్రిమి జాడ లేకుండా, ఎక్స్‌రేలో నీడ ఉన్నదన్న ఒక్క కారణంతో ఆరు నెలలు క్షయ మందులు మింగించి, తగ్గకపోతే మరో ఆరు నెలలు పొడిగించడం వైద్యం కాదు, కాలహరణం.

మెథోట్రెక్సేట్ మీద మోపిన నేరం

ఈ వ్యాసం రాయడానికి నన్ను ఎక్కువగా పురికొల్పినది ఇదే. కీళ్ళవాతానికి మూలస్తంభం వంటి మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒకసారి మాత్రమే వాడవలసిన, చవకైన గోలీ. ఈ మందు ఊపిరితిత్తులను పాడుచేస్తుందన్న భయం వైద్యలోకంలోనే దశాబ్దాలుగా పాతుకుపోయింది. రోగికి దగ్గు వస్తే మొదట దీనిని ఆపిస్తారు. బదులుగా మరేదీ ఇవ్వరు. కీళ్ళు మళ్ళీ వాస్తాయి, ఊపిరితిత్తుల్లో తాపం యథాతథంగా సాగుతుంది.

నిజం ఏమిటంటే, మెథోట్రెక్సేట్ వల్ల ఊపిరితిత్తుల్లో ఒక తీవ్రమైన ఎలర్జీ ప్రతిచర్య రావచ్చు. అది అరుదు. ఎక్కువగా మందు మొదలుపెట్టిన మొదటి సంవత్సరంలో, జ్వరం, దగ్గు, ఆయాసంతో రోజులు వారాల్లోనే ముంచుకొస్తుంది. అప్పుడు మందు ఆపవలసిందే. కాని సంవత్సరాల మీద నెమ్మదిగా మచ్చకట్టే జబ్బు వేరు. 2021లో పలు దేశాల రోగులను పోల్చి చూసిన ఒక అధ్యయనంలో, మెథోట్రెక్సేట్ వాడినవారిలో ఈ దీర్ఘకాలిక జబ్బు తక్కువగా, వచ్చినా ఆలస్యంగా కనబడింది. పరిశీలన అధ్యయనం కనుక మందే కాపాడిందని ప్రమాణపూర్వకంగా చెప్పలేము. మందే ఈ జబ్బును తెచ్చిందన్న ఆరోపణకు మాత్రం ఆధారం నిలవలేదు.

కనుక నా వాదన ఇది. మెథోట్రెక్సేట్‌ను కొనసాగించాలా, మార్చాలా అన్నది రుమటాలజిస్టు, ఛాతీ వైద్యుడు కలిసి నిర్ణయించాలి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారిలో మార్చడానికి కారణాలు ఉండవచ్చు. కాని భయంతో ఆపి, చేతులు దులుపుకొని, రోగిని మందు లేకుండా ఇంటికి పంపే హక్కు ఎవరికీ లేదు. మరొక హెచ్చరిక: వారానికి ఒకసారి మింగవలసిన ఈ గోలీని పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద ఏ వారమో పేరు రాయించుకోండి. ఫోలిక్ ఆమ్లం గోలీ మరువవద్దు.

ఎక్స్‌రే చాలదు

"ఎక్స్‌రే తీయించాము, బాగానే ఉన్నది" అన్న మాటతో తృప్తి పడవద్దు. తొలిదశలో ఛాతీ ఎక్స్‌రే మామూలుగా కనబడవచ్చు. 2023లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ వెలువరించిన మార్గదర్శకాలు, ముప్పు ఎక్కువగా ఉన్న రోగులకు హెచ్.ఆర్.సి.టి. స్కాను, ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలు సూచించాయి. ఎక్స్‌రేను జల్లెడ పరీక్షగా వాడవద్దన్నాయి.

అందరికీ స్కాను అంటే ఖర్చు కాదా, రేడియేషన్ కాదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను అందరికీ అనడం లేదు. ముప్పు గుర్తులు ఉన్నవారికీ, దగ్గు ఆయాసం ఉన్నవారికీ అంటున్నాను. అంతకుముందు చేయవలసినవి పైసా ఖర్చు లేనివి. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టి, రోగిని గట్టిగా గాలి పీల్చమనాలి. చెప్పుల పట్టీ చర్రున ఊడదీసినప్పుడు వచ్చే చప్పుడు వంటిది లోపల వినబడితే అనుమానించాలి. వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి, రోగిని ఆరు నిమిషాలు నడిపించి చూడాలి. కూర్చున్నప్పుడు 97 ఉన్న అంకె నడిచాక 88కి పడిపోతే, ఇక "ఎలర్జీ" అన్న మాట ఎవరూ పలకరాదు.

చికిత్స ఉన్నది

స్కానులో రెండు రకాల చిత్రాలు ముఖ్యమైనవి. ఒకటి గరుకు గాజు వంటి మసక. దీనిలో తాపం పాలు ఎక్కువ, మందులకు లొంగే అవకాశమూ ఎక్కువ. రెండవది తేనెపట్టు వంటి గదులు. ఇది మచ్చ. కీళ్ళవాతంలో ఎక్కువగా కనబడేది దురదృష్టవశాత్తు ఈ రెండవదే. మచ్చను ఏ మందూ చెరపలేదు, పెరగకుండా నెమ్మదింపజేయగలదు. అందుకే ముందుగా పట్టుకోవాలి అని ఇంతగా చెప్పడం.

తాపాన్ని అణచడానికి స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి, మైకోఫెనోలేట్, అజథయోప్రిన్, రిటుక్సిమాబ్, తీవ్రమైన సందర్భాల్లో సైక్లోఫాస్ఫమైడ్ వాడతారు. మైకోఫెనోలేట్ కీళ్ళకు అంతగా పనిచేయదు కాబట్టి కీళ్ళ సంగతి వేరుగా చూడాలి. రిటుక్సిమాబ్ కీళ్ళకూ పనిచేస్తుంది. మచ్చ పెరుగుతూ పోతున్నవారికి నింటెడానిబ్ ఉన్నది. మచ్చ పెరిగే వివిధ ఊపిరితిత్తుల జబ్బులున్న 663 మందిపై జరిగి 2019లో వెలువడిన ప్రయోగంలో, ఊపిరి సామర్థ్యం తరిగే వేగం ఈ మందుతో సంవత్సరానికి సుమారు 188 మిల్లీలీటర్ల నుండి 81కి తగ్గింది. విరేచనాలు, కాలేయ ఎంజైములు పెరగడం దీని ఇబ్బందులు. పిర్ఫెనిడోన్ మరొకటి. దీనిని వాడేవారు మన ఎండల్లో చర్మాన్ని కప్పుకొని తిరగాలి. ఈ మందులన్నిటికీ ముందు క్షయ, కాలేయవ్యాధి పరీక్షలు, ఫ్లూ, న్యుమోకాకస్ టీకాలు అవసరం. మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ వాడే స్త్రీలు గర్భం దాల్చకూడదు. బీడీ, సిగరెట్టు మానకుండా ఏ మందూ న్యాయం చేయలేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుచేస్తాను. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే తొలి ప్రతిరూప ఔషధాన్ని 2007లో విడుదల చేసినది మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్, మైకోఫెనోలేట్ కూడా దేశీయ సంస్థలు తయారుచేస్తున్నాయి. మందు నగరంలో పుడుతున్నది. నగరం అంచున ఉన్న కార్మికుడి జబ్బుకు పేరైనా పుట్టలేదు. దీనికి పేదరికం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో రక్తపోటు, మధుమేహం, క్యాన్సర్లు ఉన్నాయి. ఆస్తమా, సి.ఓ.పి.డి. కూడా చేరాయి. కీళ్ళవాతానికి అక్కడ చోటు లేదు. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త "పొద్దున్నే వేళ్ళు గంటసేపు బిగుసుకుంటున్నాయా?" అని ఒక ప్రశ్న అదనంగా అడిగితే ఖజానాకు ఏమి ఖర్చు?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది. అంటే వైద్యుడు గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బు. రాజస్థాన్ 2019లో ఇటువంటి ధూళి జబ్బుల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. క్రషర్ల మధ్య నివసించే మనకు అటువంటి విధానం ఎందుకు వద్దు? కార్మికుల ఏటేటి పరీక్షలో ఎక్స్‌రేతోపాటు స్పైరోమెట్రీ, కీళ్ళ పరీక్ష ఉండాలి. రాయి పగిలే చోట నీరు చల్లాలి. ముఖానికి గుడ్డ కట్టుకోమనడం రక్షణ కాదు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. మంచిదే. కాని ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం. ఈ రోగికి కావలసినది మంచం కాదు, నెలనెలా ఇంటికి తీసుకుపోయే మందులు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు మన మండలంలోని బాటసింగారానికి తరలివచ్చింది. ఖాళీ అయిన కొత్తపేట స్థలంలో పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మార్కెట్టు రద్దీని, లారీల దుమ్మును మోస్తున్నవారం మనం. ఆ ఆసుపత్రిలో రుమటాలజీ, ఛాతీ విభాగాలు ఒకే రోజు, ఒకే గదిలో రోగిని చూసే ఏర్పాటు కావాలని అడిగే హక్కు మనకున్నది.

మీరు చేయవలసినవి

ప్రభుత్వం కదిలేవరకు మీరు ఆగవద్దు. మీకో, మీ ఇంట్లోవారికో కీళ్ళవాతం ఉంటే ఈ ప్రశ్నలు వేసుకోండి. మూడు వారాలకు మించి పొడిదగ్గు ఉన్నదా? నిరుడు ఎక్కిన మెట్లు ఈ ఏడు ఆగి ఆగి ఎక్కుతున్నారా? తోటివారితో సమానంగా నడవలేక వెనుకబడుతున్నారా? క్వారీలో, క్రషరులో, రాళ్ళు కోసే చోట ఎప్పుడైనా పనిచేశారా? ఒక్కదానికి అవునన్నా, తరువాతిసారి వైద్యుని దగ్గర ఆ మాట మీరే ఎత్తండి. "నా ఊపిరితిత్తులు విన్నారా డాక్టరుగారూ?" అని అడగడం అమర్యాద కాదు. విసుక్కునే వైద్యుడు ఎదురైతే మరొకరిని చూడండి.

దూరం అనకండి. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే, రుమటాలజీ విభాగం ఉన్న నిమ్స్‌కు దగ్గరలోని పంజాగుట్టకూ, ఛాతీ ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డకూ ఒకే రైలు, బండి మారే పని లేదు. పాత చీటీలు, ఎక్స్‌రేలు, వాడిన సూదుల వివరాలు అన్నీ ఒక సంచిలో పెట్టుకొని వెళ్ళండి. స్టెరాయిడ్ చాలాకాలంగా వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి దానిని హఠాత్తుగా మానవద్దు. అది ప్రమాదకరం. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఈ వ్యాసం అవగాహన కోసమే, మీ వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కాదు. అయితే ఆ సలహా మీ చేతివేళ్ళ దగ్గరే ఆగిపోతే, దానిని మీ ఊపిరిదాకా నడిపించవలసినది మీరే.